ఇంటికి మెష్ వైఫై: పోచారం, ఉప్పల్, నాచారం ఇళ్లకు ఎంపిక

ఒకే ఇంట్లో వేర్వేరు చోట్ల పెట్టిన రెండు, మూడు వైఫై పెట్టెలు ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే ఏర్పాటును మెష్ వైఫై అంటారు. పెట్టెలు ఎన్ని ఉన్నా పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. హాల్లో మొదలుపెట్టిన వీడియో కాల్ మాట్లాడుతూనే మేడ మీది గదికి వెళ్లినా తెగకుండా ఉండాలన్నది దీని ఉద్దేశం. ఈ పెట్టెల్లో ఒక్కొక్కటి ఒక నోడ్. ఫైబర్ బాక్సుకు తగిలించేది ప్రధాన నోడ్. దాని నుంచి నెట్ అందుకుని మిగతా గదులకు పంచేవి ఉప నోడ్లు. నోడ్ల మధ్య డేటా నడిచే దారిని బ్యాక్‌హాల్ అంటారు. అది గాలిలోనైనా ఉండవచ్చు, కేబుల్ మీదనైనా ఉండవచ్చు.

మెష్ సెట్ కొనేవారిలో ఎక్కువమంది చూసేది పెట్టె మీద అచ్చేసిన వేగం అంకె. కొన్నాక ఫలితాన్ని తేల్చేవి మాత్రం ఇంటి గోడలు, స్లాబు, నోడ్ల మధ్య కేబుల్‌కు ఉన్న దారి. హైదరాబాద్ తూర్పున ఉన్న పోచారం, ఉప్పల్, నాచారం ప్రాంతాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం ఆ సంగతులను వివరిస్తుంది.

ప్రాంతం, నెట్ కనెక్షన్లు

పోచారం ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఘట్‌కేసర్ మండలంలో ఉంది. ఇన్ఫోసిస్ ప్రాంగణం, రహేజా మైండ్‌స్పేస్, అందరూ సింగపూర్ టౌన్‌షిప్ అని పిలిచే సంస్కృతి టౌన్‌షిప్ ఇక్కడే ఉన్నాయి. నగరం వైపు వస్తే నారపల్లి, మేడిపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్, దానికి ఆనుకుని నాచారం పారిశ్రామికవాడ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఆఫీసు ఇంట్లోకే వచ్చింది. అప్పటిదాకా హాల్లో టీవీకి, ఫోన్లకు సరిపోయిన వైఫై ఒక్కసారిగా ప్రతి పడకగదికీ కావలసి వచ్చింది. ఒక గదిలో భర్త మీటింగు, ఇంకో గదిలో భార్య మీటింగు, మేడ మీద పిల్లల ఆన్‌లైన్ క్లాసు అన్న పరిస్థితిలోనే చాలామంది తమ ఇంట్లో సిగ్నల్ అందని మూలలను మొదటిసారి గుర్తించారు.

ఇంటి దాకా వచ్చే నెట్ వేగం అంతకు ముందే పెరిగింది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చింది. ఆ తరువాత హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు బీమ్ అనే సంస్థ కనెక్షన్ వచ్చింది, ఆ సంస్థ పిమ్మట యాక్ట్‌లో కలిసింది. 2017లో యాక్ట్ ఈ నగరంలో సెకనుకు 1 గిగాబిట్ కనెక్షన్ ప్రారంభించింది. 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ వాణిజ్య సేవలు మొదలయ్యాయి. ఇప్పుడు ఇళ్లకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిది. ఇందులో ఒక ఫైబర్ మీద దిగువకు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 గిగాబిట్లు నడుస్తాయి. ఫైబర్‌ను పాయలుగా చీల్చే స్ప్లిటర్ దగ్గర ఆ సామర్థ్యాన్ని పలు ఇళ్లు పంచుకుంటాయి. గుమ్మం దాకా ఇంత వేగం వచ్చినా వెనక పడకగదిలో వీడియో గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతోందంటే, లోపం సాధారణంగా ఇంటి లోపలి చివరి పది మీటర్లలో ఉంటుంది.

చరిత్ర

పెట్టెలు ఒకదాని నుంచి ఒకటి అందుకుని సందేశాన్ని ముందుకు పంపే ఆలోచన వైఫై కన్నా పాతది. 1970ల్లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ప్యాకెట్ రేడియో ప్రయోగాలతో ఈ దారి తెరిచింది. భారతదేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా ఆరుబయట కూడా వాడుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాదే హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో కొండల మధ్య సామూహిక మెష్ నెట్‌వర్క్ పనిచేయడం మొదలైంది. వైఫై ప్రమాణాలు రూపొందించే ఐట్రిపుల్ఈ మెష్ కోసం తయారుచేసిన 802.11ఎస్ ప్రమాణం 2011లో వెలువడింది. ఇంటి వాడకానికి మెష్ సెట్లు 2016లో మార్కెట్లోకి వచ్చాయి. ఈరో, నెట్‌గేర్ ఆర్బి, గూగుల్ వైఫై ఆ ఏడాదివే. మరుసటి ఏడాది టీపీ-లింక్ డెకో వచ్చింది. వేర్వేరు కంపెనీల పెట్టెలు కలిసి పనిచేయాలని వైఫై అలయన్స్ 2018లో ఈజీమెష్ అనే ధ్రువీకరణ తెచ్చింది. ఇప్పటికీ చాలా కంపెనీలు సొంత పద్ధతినే వాడుతున్నాయి కాబట్టి ఒక కంపెనీ నోడ్‌కు మరో కంపెనీ నోడ్ జతపడుతుందని ముందే అనుకోవడానికి లేదు.

పనిచేసే తీరు

వైఫై ప్రధానంగా రెండు పట్టీల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఇది గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, కాని వేగం తక్కువ. ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు ఇందులో 1, 6, 11 మూడే. అపార్టుమెంట్లో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి, పైగా వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే పట్టీలో పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలమైనది, వేగమైనది. దాని తరంగం పొట్టిది కాబట్టి గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు. ఈ కొలతలో 3 తగ్గితే బలం సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతవుతుంది. రౌటర్ పక్కన మైనస్ 40, 45 ఉంటుంది. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలి. మైనస్ 80కి పడిపోతే ఫోన్లో ఒకటో రెండో పాయింట్లు కనిపిస్తున్నా పని జరగదు.

మెష్‌కూ చవకగా దొరికే రేంజ్ ఎక్స్‌టెండర్‌కూ ఉన్న తేడా సమన్వయంలో ఉంది. చాలా ఎక్స్‌టెండర్లు వచ్చిన సిగ్నల్‌ను అందుకుని తమంతట తాము మళ్లీ వదులుతాయి, ప్రధాన రౌటర్‌తో సంప్రదింపు ఉండదు. మెష్‌లో నోడ్లన్నీ ఒకే నియంత్రణ కింద ఉంటాయి. ఏ నోడ్ దగ్గర రద్దీ ఉంది, ఏ ఫోన్ దేనికి దగ్గరగా ఉంది అన్న సమాచారాన్ని 802.11కే, 802.11వీ ప్రమాణాలు అందిస్తాయి. నోడ్ మారేటప్పుడు పాస్‌వర్డ్ తనిఖీని 802.11ఆర్ క్లుప్తం చేస్తుంది. చివరికి ఏ నోడ్‌కు మారాలో నిర్ణయించేది మాత్రం ఫోనే. పాత ఫోన్లు దూరపు నోడ్‌ను పట్టుకుని వేలాడడం మెష్ ఇళ్లలో తరచూ కనిపించే ఇబ్బంది. నోడ్లను మరీ దగ్గర దగ్గరగా పెడితే అది ఇంకా పెరుగుతుంది.

గాలి బ్యాక్‌హాల్‌లో ఒక సహజమైన నష్టం ఉంది. ఉప నోడ్ ఒకే రేడియోతో అటు ప్రధాన నోడ్‌తోనూ ఇటు ఫోన్‌తోనూ మాట్లాడితే, అదే సమయాన్ని రెండు పనులకూ పంచుకోవాలి. అప్పుడు వేగం దాదాపు సగమవుతుంది. రెండో ఉప నోడ్ మొదటి ఉప నోడ్ నుంచి అందుకుంటే మళ్లీ తగ్గుతుంది. బ్యాక్‌హాల్‌కు విడిగా మూడో రేడియో ఉన్న సెట్లను ట్రైబ్యాండ్ అంటారు. నోడ్ల మధ్య కేబుల్ వేస్తే ఈ నష్టమే ఉండదు.

గోడలు, స్లాబులు

పెట్టెల మీద రాసే విస్తీర్ణం అంకెలు మన ఇళ్లకు నేరుగా సరిపోవు. మెష్ సెట్లు మొదట అమ్ముడుపోయిన అమెరికాలో ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. మన ఇంట్లో బయటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, పైన ఇనుప చువ్వల స్లాబు. స్లాబు దాటిన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌లో పదో వంతు కన్నా తక్కువ మిగలడం మామూలే. మనకు స్థలం లెక్క గజాల్లో ఉంటుంది, గజానికి 9 చదరపు అడుగులు. 200 గజాల స్థలంలో కట్టిన జీ ప్లస్ వన్ ఇల్లు విస్తీర్ణంలో పెద్దది కాదు, ఒక్క రౌటరే సరిపోతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. అయితే మధ్యలో ఉన్న స్లాబు ఆ లెక్కలో లేదు.

ఈ ప్రాంతంలో కనిపించే ఇళ్లను సిగ్నల్ దృష్టితో నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటిది రెండు మూడు పడకగదుల అపార్టుమెంటు ఫ్లాటు. గదులన్నీ ఒకే అంతస్తులో ఉంటాయి కాబట్టి రెండు పడకగదుల ఫ్లాటుకు మెష్ చాలావరకు అనవసరం. గుమ్మం పక్కన మూలనున్న రౌటర్‌ను ఇంటి నడుమకు జరిపితేనే చాలా ఇబ్బందులు తీరతాయి. పొడవుగా ఉన్న మూడు పడకగదుల ఫ్లాటుకు రెండు నోడ్లు చాలు.

రెండోది డూప్లెక్స్ లేదా జీ ప్లస్ వన్ ఇండిపెండెంట్ ఇల్లు. అంతస్తుకు ఒక నోడ్ అన్నది ఇక్కడ మంచి సూత్రం. మెట్ల దగ్గర స్లాబు ఖాళీగా వదిలి ఉంటుంది కాబట్టి సిగ్నల్ పైకి వెళ్లే సహజమైన దారి అదే.

మూడోది మైవాన్ పద్ధతిలో కట్టిన కొత్త టవర్లు. అల్యూమినియం ఫారంలో కాంక్రీటు పోసి గోడలను, స్లాబును కలిపి కడతారు. లోపలి గోడల్లోనూ ఇనుము ఉంటుంది. విస్తీర్ణం తక్కువైనా వీటిలో ఒక గది సిగ్నల్ పక్క గదికి అందడం కష్టం. తేలికపాటి ఏఏసీ ఇటుకలతో కట్టిన ఫ్లాటులో అదే సెట్ హాయిగా పనిచేస్తుంది. ఫ్లాటు ఏ పద్ధతిలో కట్టారో బిల్డర్ బ్రోచరులోనే ఉంటుంది, మెష్ కొనేముందు ఒకసారి తిరగేయడం మేలు.

నాలుగోది పాత ఊళ్లలోని రాతిగోడల ఇళ్లు, నాచారం వంటి పారిశ్రామికవాడల పక్కన రేకుల షెడ్డుతో కలిసిన ఇళ్లు. మందమైన రాయి సిగ్నల్‌ను మింగేస్తుంది, ఇనుప రేకు వెనక్కి కొడుతుంది. ఇలాంటిచోట కేబుల్ బ్యాక్‌హాలే నమ్మకమైన దారి.

గోడలతో పాటు సామాన్లూ అడ్డు వస్తాయి. ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు సిగ్నల్‌కు నాలుగు పెద్ద అడ్డంకులు. నోడ్‌ను బీరువా మీద పెడితే కింది వైపు, వెనకాల పెడితే గది మొత్తం సిగ్నల్ నీడలో పడుతుంది.

నోడ్ల స్థానం: ఒక ఉదాహరణ

పోచారం కాలనీల్లో సాధారణంగా కనిపించే 200 గజాల డూప్లెక్స్‌నే తీసుకుందాం. ఫైబర్ ముందు గోడ నుంచి హాల్లోకి వచ్చి టీవీ యూనిట్ పైన ఆగుతుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని, 5 గిగాహెర్ట్జ్‌కు కలిపి, తలుపులు మూసి ఇల్లంతా నెమ్మదిగా తిరగాలి. ప్రతిచోటా పది సెకన్లు ఆగి అంకె రాసుకోవాలి. ఉదాహరణకు హాల్లో మైనస్ 45, మెట్ల మలుపు దగ్గర మైనస్ 56, పైన మెట్లు ముగిసేచోట మైనస్ 62, పై ముందు గదిలో మైనస్ 72, పై వెనక గదిలో మైనస్ 83 వచ్చాయనుకుందాం.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఉప నోడ్‌ను సిగ్నల్ అందని వెనక గదిలోనే పెట్టడం. నోడ్ నీటిని తోడే మోటారు లాంటిది. బావిలో నీళ్లుంటేనే అది పైకి పంపగలదు. మైనస్ 83 దగ్గర పెట్టిన నోడ్‌కు అందేదే అంతంత మాత్రం, అది పంచేదీ అంతే. ఫోన్లో మాత్రం పాయింట్లు నిండుగా కనిపించి మోసం చేస్తాయి, ఎందుకంటే ఆ పాయింట్లు ఫోన్‌కూ పక్కనున్న నోడ్‌కూ మధ్య బలాన్ని మాత్రమే చూపుతాయి. నోడ్ పెట్టవలసింది సిగ్నల్ ఇంకా బాగున్నచోట, అంటే ఈ ఇంట్లో మెట్లు ముగిసేచోట. అక్కడి నుంచి రెండు గదులకూ మధ్యలో ఒక్క నాలుగున్నర అంగుళాల గోడే ఉంటుంది. నోడ్‌ను నేల మీద కాక నడుము ఎత్తులో, బయట కనిపించేలా ఉంచాలి. చీర కొంగో దుప్పటో కప్పితే సిగ్నల్‌కు పెద్ద నష్టం లేదు, పెట్టె వేడెక్కి పాడవుతుంది.

పెట్టె మీది అంకెల అర్థం

ఏఎక్స్1800 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 1201 మెగాబిట్లు కలిపి దగ్గరి గుండ్రని సంఖ్యకు చేర్చిన మొత్తం. ఏఎక్స్3000లో రెండో భాగం 2402 అవుతుంది. ఏ ఫోనూ మామూలుగా రెండు పట్టీలనూ కలిపి వాడుకోదు, ఈ అంకెలు కూడా రేడియో స్థాయివే కాబట్టి చేతికి అందేది ఇంకా తక్కువ. 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్న ఇంటికి అంకె పెద్దదైన సెట్ వల్ల నెట్ వేగం పెరగదు.

అంకె కన్నా ముందు ఈ సంగతులు చూడాలి.

వైఫై తరం: వైఫై 6 ధ్రువీకరణ 2019లో, వైఫై 7 ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలయ్యాయి. ఇంట్లో ఫోన్లు, లాప్‌టాప్‌లు వైఫై 6వి అయితే ఆ తరం సెట్ చాలు.

పోర్టులు: ప్రతి నోడ్‌కూ కనీసం రెండు గిగాబిట్ పోర్టులు ఉండాలి. కొన్ని చవక సెట్ల పోర్టులు 100 మెగాబిట్లవే. వాటికి కేబుల్ వేసినా అంతకు మించి రాదు.

కేబుల్ బ్యాక్‌హాల్ సదుపాయం: ఇది ఉందని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న సెట్‌నే తీసుకోవాలి.

రేడియోలు: కేబుల్ వేయడం కుదరని ఇంటికి ట్రైబ్యాండ్ సెట్ మీద పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. కేబుల్ వేసిన ఇంటికి డ్యూయల్‌బ్యాండ్ సరిపోతుంది.

భద్రత: 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 రక్షణ ప్రమాణం, అతిథులకు వేరే నెట్‌వర్క్, కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఉండాలి. కింద పోర్షన్ అద్దెకిచ్చి నెట్ పంచుకునే ఇళ్లలో అతిథి నెట్‌వర్క్ మరీ ముఖ్యం.

2.4 గిగాహెర్ట్జ్‌ను విడిగా వాడే వీలు: సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు, గీజర్ స్విచ్‌లు చాలావరకు ఈ పట్టీలోనే పనిచేస్తాయి.

అమెరికా నుంచి తెచ్చిన పెట్టెలు

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. సెలవులకు వస్తూ మెష్ సెట్ తెచ్చి అమ్మానాన్నలకు పెట్టి వెళ్లడం మామూలైంది. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే కరెంటుతో ఇబ్బంది లేదు, ప్లగ్ మార్పిడి ఒక్కటే కావాలి. అసలు చిక్కు రేడియో పట్టీల్లో ఉంది. భారత ప్రభుత్వం 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేకుండా విడుదల చేసింది. కొత్త తరం వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ పట్టీ విషయంలో అమెరికా 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ తెరవగా, భారతదేశం 2025 మేలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు దిగువ భాగానికి మాత్రమే ముసాయిదా నియమాలు ప్రచురించింది. అక్కడి సెట్ అక్కడి నియమాల ప్రకారమే ప్రసారం చేస్తుంది. ఇక్కడ అమ్మే సెట్లకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి ఉంటుంది. వారంటీ కూడా సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. కాబట్టి ఇక్కడి మోడల్ ఇక్కడే కొనడం మంచిది.

అమరిక

నెట్ కంపెనీ ఇచ్చే ఫైబర్ బాక్సులో చాలాసార్లు వైఫై రౌటర్ కూడా కలిసే ఉంటుంది. దానికి మెష్‌ను తగిలిస్తే ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి పనిచేస్తాయి. ఆన్‌లైన్ ఆటలకు, కెమెరాలను బయటి నుంచి చూడడానికి, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లకు ఇది అడ్డం వస్తుంది. మెష్‌ను వైఫై పంచే పనికే పరిమితం చేసే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం ఒక పరిష్కారం. ఫైబర్ బాక్సును రౌటర్ పని మానే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని నెట్ కంపెనీని కోరడం ఇంకొకటి. పాత బాక్సులోని వైఫైని ఆపేయాలి. లేకపోతే ఫోన్లు దాన్నే పట్టుకుంటాయి, మెష్ కొన్నా తేడా కనిపించదు.

కరెంటు పోయినప్పుడు ఇంకో లోపం బయటపడుతుంది. ఇన్వర్టర్ లైను సాధారణంగా ఫ్యాన్లకు, లైట్లకు, ఒకటి రెండు ప్లగ్ పాయింట్లకే ఇస్తారు. హాల్లో ఫైబర్ బాక్సు ఇన్వర్టర్ మీద ఉండి, పై అంతస్తు నోడ్ మామూలు ప్లగ్‌లో ఉంటే కరెంటు పోగానే పై అంతా నెట్ పోతుంది. ఫైబర్ బాక్సుకు, ప్రతి నోడ్‌కు ఇన్వర్టర్ పాయింటు చూసుకోవాలి. అది లేనిచోట రౌటర్లకని అమ్మే చిన్న యూపీఎస్‌లు గంటల తరబడి నిలబెడతాయి. వాటి వోల్టేజీ నోడ్ అడాప్టర్ వోల్టేజీతో సరిపోవాలి.

మెష్ తీర్చలేనివి

ఇంటి దాకా రాని నెట్‌ను మెష్ తేలేదు. ఈ ప్రాంతంలో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. 2025 ఆగస్టులో ఉప్పల్ పక్కనున్న రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్రలో విద్యుదాఘాతంతో ఐదుగురు మరణించారు. ఆ విషాదం తరువాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించడంతో ఎన్నో ఇళ్లకు నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకూ వెళ్లింది. అలాంటి రోజున ఎంత మంచి మెష్ ఉన్నా చేయగలిగింది లేదు. అందుకే ఏ ఇబ్బందికైనా మొదటి పరీక్ష ఒకటే. లాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్సుకు కలిపి వేగం చూడాలి. అక్కడే తక్కువ ఉంటే తప్పు బయట ఉంది. అక్కడ బాగుండి గదిలో తగ్గితేనే మెష్ గురించి ఆలోచించాలి.

కేబుల్, కొత్త ఇల్లు

క్యాట్ 6 కేబుల్ ఒకటి అంతస్తుల మధ్య నడిపితే డ్యూయల్‌బ్యాండ్ సెట్ కూడా ఖరీదైన ట్రైబ్యాండ్ సెట్ కన్నా నిలకడగా పనిచేస్తుంది. గిగాబిట్ వేగంతో 100 మీటర్ల దాకా ఈ కేబుల్ నష్టం లేకుండా మోస్తుంది. ఇంట్లో అంత దూరమే ఉండదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో కేబుల్ కొనేటప్పుడు అచ్చమైన రాగిదే అడగాలి. సీసీఏ అని రాసినది అల్యూమినియం తీగకు రాగి పూత వేసినది, చవకగా వస్తుంది గాని త్వరగా విరుగుతుంది. బయటి గోడ మీదుగా నడిపితే ఎండకు తట్టుకునే తొడుగున్న రకం కావాలి. గోడల్లో కరెంటు వైర్లు నడిచిన పైపులోనే దీన్నీ దూర్చడం ప్రమాదకరం, దీనికి వేరే పైపు ఉండాలి.

పోచారం, నారపల్లి, అన్నోజిగూడ చుట్టూ ఇప్పటికీ కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. స్లాబు పోయకముందు, గోడలకు ప్లాస్టరింగ్ కాకముందు హాల్లో టీవీ గోడ నుంచి ప్రతి అంతస్తులో మెట్లు ముగిసేచోటికి ఒక ఖాళీ పైపు వేయించడం ఎలక్ట్రీషియన్‌కు గంటల పని. గృహప్రవేశం అయ్యాక అదే పని చేయాలంటే గోడ చెక్కాలి, మళ్లీ రంగు వేయాలి. వైఫై తరాలు కొన్నేళ్లకోసారి మారుతూనే ఉంటాయి, నోడ్లూ మారతాయి. ఆ పైపు మాత్రం ఇల్లున్నంత కాలం పనికొస్తుంది.